పెద్ద సంఖ్యను విప్పి చూడటం ఎలా: 12,34,56,789తో మొదటి నుంచి చివరిదాకా

ఒక పెద్ద పూర్ణసంఖ్య చేతికొస్తే దాన్ని అడగాల్సిన ప్రశ్నలు చాలానే ఉంటాయి. ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా? ఎన్ని భాజకాలు? వాటి మొత్తం ఎంత? వర్గమా? రెండు వర్గాల మొత్తంగా రాయగలమా? ఈ ప్రశ్నలు వేరువేరుగా కనిపిస్తాయి కానీ, దాదాపు అన్నిటి జవాబూ ఒక్క గదిలోనే ఉంది. ఆ గది తాళంచెవి ప్రధాన కారణాంక విభజన, అంటే సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాయడం. అది దొరికితే మిగతావి నాలుగైదు గుణకారాలతో తేలిపోతాయి. దొరకకపోతే ఎంత లెక్క వేసినా పైపైనే తిరుగుతాం. కాబట్టి ఈ మార్గదర్శిలో సగానికి పైగా కారణాంకాల వేటే ఉంటుంది.

ఉదాహరణగా 12,34,56,789 తీసుకుందాం. 1 నుంచి 9 దాకా అంకెలు వరసగా ఉన్న ఈ సంఖ్యను అందరూ చూసే ఉంటారు, లోపల ఏముందో చూసినవాళ్లు తక్కువ. కావలసినవి కాగితం, పెన్ను, కనీసం పది అంకెలు పట్టే కాలిక్యులేటర్. కిరాణా కొట్లో ఉండే ఎనిమిది అంకెల కాలిక్యులేటర్ ఈ సంఖ్యను లోపలికే రానివ్వదు.

మొదటి పని: కామాలు తీసేసి రాసుకోవడం

పన్నెండు కోట్ల ముప్పై నాలుగు లక్షల యాభై ఆరు వేల ఏడు వందల ఎనభై తొమ్మిది. చదవడానికి మన కోట్లు, లక్షల కామాలు బాగుంటాయి. భాజనీయత పరీక్షలకు మాత్రం అవి కొంప ముంచుతాయి. 7, 11, 13లకు ఉన్న గొప్ప పరీక్ష కుడి నుంచి మూడేసి అంకెల గుంపుల మీద నడుస్తుంది. మన కామాలేమో మొదట మూడు, ఆపైన రెండేసి అంకెలకు పడతాయి. 1,00,100 చూడండి. ఇది 7 × 11 × 13 × 100, అంటే మూడింటితోనూ నిశ్శేషంగా పోతుంది. మూడేసి గుంపులు 100, 100 కనుక తేడా 0, పరీక్ష నెగ్గింది. కామాల ప్రకారం 100 − 00 + 1 చేస్తే 101 వచ్చి, "పోదు" అని తప్పు జవాబు ఇస్తుంది. అందుకే మన సంఖ్యను కామాలు లేకుండా 123456789 అని ఒకసారి, మూడేసి విడగొట్టి 123 456 789 అని ఇంకోసారి రాసుకోండి.

రెండో పని: చిన్న ప్రధాన సంఖ్యలతో జల్లెడ

చివరి అంకె 9 కాబట్టి 2, 5 దీన్ని భాగించవు. అంకెల మొత్తం 45, అది 9తో పోతుంది కాబట్టి సంఖ్య కూడా 9తో పోతుంది. 1 నుంచి 9 అంకెలను ఏ వరసలో పేర్చినా మొత్తం 45 దాటదు, తగ్గదు. అలాంటి అమరికలు 3,62,880 ఉన్నాయి, అన్నీ 9తో పోతాయి, ఒక్కటీ ప్రధాన సంఖ్య కాలేదు.

9తో పోయిందంటే 27తో పోతుందా అన్నది వెంటనే చూడాలి. 27కు అంకెల మొత్తం పరీక్ష పనికిరాదు. మొత్తం 27తో పోతే సంఖ్యా పోతుందనుకోవడం తరచూ జరిగే పొరపాటు. 999 = 27 × 37 కనుక మూడేసి గుంపులను కూడాలి: 123 + 456 + 789 = 1368, మళ్లీ 1 + 368 = 369. 369ని 27తో భాగిస్తే శేషం 18, 37తో భాగిస్తే శేషం 36. కాబట్టి 27 లేదు, 37 కూడా లేదు. ఒకే కూడికతో రెండు పరీక్షలు అయిపోయాయి.

ఇప్పుడు 7, 11, 13. గుంపులను కుడి నుంచి ఒకటి కలుపుతూ, ఒకటి తీసేస్తూ పోవాలి: 789 − 456 + 123 = 456. దీన్ని 7తో భాగిస్తే శేషం 1, 11తో 5, 13తో 1. మూడింటిలో ఏదీ భాగించదు. ఈ పరీక్ష పనిచేయడానికి కారణం 1001 = 7 × 11 × 13 కావడమే: వెయ్యిని −1గా లెక్కగట్టినా ఈ మూడింటి శేషం మారదు.

9ని బయటికి తీసేద్దాం. ఎడమ నుంచి భాగిస్తూ పోతే మిగుళ్లు 3, 6, 1, 6, 3, 1, 0, 0 వస్తాయి, భాగఫలం 13717421. దీని అంకెల మొత్తం 26, అంటే ఇక 3 లేదు. ఇక్కడి నుంచి వేట ఈ ఎనిమిదంకెల సంఖ్య మీదే.

జల్లెడను 100 లోపు ప్రధాన సంఖ్యల దాకా నడపడం మంచిది. 17తో శేషం 2 వస్తుంది (17 × 806907 = 13717419). 19, 23, 29 అంటూ 97 దాకా వెళ్లినా ఏదీ తెగదు. ఇక్కడ ఆగి ఆలోచించాలి.

మూడో పని: భాగహారం ఆపి వర్గాల వైపు తిరగడం

ఒక సంఖ్య సంయుక్తమైతే దాని కారణాంకాల్లో కనీసం ఒకటి వర్గమూలాన్ని మించదు. 13717421 వర్గమూలం 3703 దాటి కొంచెం. అంటే 3703 లోపు ప్రధాన సంఖ్యలన్నీ ప్రయత్నిస్తే చాలు, ఈ హామీ మనకుంది. కానీ ఆ దారిలో మొదటి కారణాంకం తగిలేసరికి 7 నుంచి మొదలుపెట్టి 501 భాగహారాలు చేసి ఉంటాం. చేత్తో అది రెండు రోజుల పని, మధ్యలో ఒక్క తప్పు జరిగినా తెలియదు.

ఫ్రాన్స్‌కు చెందిన ఫెర్మా 17వ శతాబ్దంలో చెప్పిన ఉపాయం వేరు. ఏ బేసి సంయుక్త సంఖ్యనైనా రెండు వర్గాల భేదంగా రాయవచ్చు:

అ² − ఇ² = (అ − ఇ) × (అ + ఇ)

కారణాంకాలు రెండూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటే అ విలువ వర్గమూలానికి ఆనుకునే ఉంటుంది. కాబట్టి వర్గమూలం పైనున్న మొదటి పూర్ణాంకం నుంచి మొదలుపెట్టి, అ² నుంచి మన సంఖ్యను తీసేసి, మిగిలింది వర్గమా అని చూస్తూ పోవాలి.

అ = 3704: 13719616 − 13717421 = 2195. 5తో అంతమయ్యే వర్గం చివర 25 ఉండి తీరాలి, 95 కుదరదు. కాదు.

అ = 3705: 13727025 − 13717421 = 9604. 98 × 98 = 9604. దొరికింది.

3705 − 98 = 3607, 3705 + 98 = 3803. అయిదు వందల భాగహారాల పని రెండు తీసివేతల్లో ముగిసింది.

నిజానికి ఒక్క తీసివేతే సరిపోయేది. 13717421ని 4తో భాగిస్తే శేషం 1. వర్గాలను 4తో భాగిస్తే శేషం 0 లేదా 1 మాత్రమే వస్తుంది కాబట్టి అ బేసి, ఇ సరి కావాలి. అలాగే 3తో భాగిస్తే శేషం 2, అది రావాలంటే అ తప్పనిసరిగా 3 గుణిజం కావాలి. అంటే అ స్థానంలో 3 బేసి గుణిజాలనే చూడాలి. 3704 దాటాక అలాంటి మొదటి సంఖ్య 3705. చేత్తో చేసేవారు ఈ వడపోత తప్పకుండా పెట్టుకోవాలి, ఆరింట ఒక్క ప్రయత్నమే మిగులుతుంది.

అయితే ఫెర్మా పద్ధతి అన్ని తాళాలకూ సరిపోయే చెవి కాదు. అద్దంలో ప్రతిబింబం లాంటి 98,76,54,321ని చూడండి. 9 తీసేస్తే 109739369. దీని విభజన 17² × 379721. ఫెర్మా దారిలో వెళ్తే అ 10476 దగ్గర మొదలై 190005 దగ్గర గానీ ఫలించదు. వడపోత లేకుండా 1,79,530 ప్రయత్నాలు, వడపోత పెట్టినా 29,922. మామూలు భాగహారమైతే 2, 3, 5, 7, 11, 13 తర్వాత ఏడో ప్రధాన సంఖ్యకే, 17 దగ్గరే, తెగిపోతుంది. ఒకదానికి పూర్తిగా వర్గాల దారి, ఇంకోదానికి పూర్తిగా భాగహారం దారి. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్న రెండు సంఖ్యలు, పనిముట్లు మాత్రం తారుమారు.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: 100 లోపు ప్రధాన సంఖ్యలతో భాగహారం, తర్వాత ఇరవై దాకా ఫెర్మా ప్రయత్నాలు, అప్పటికీ తెగకపోతే కంప్యూటరు. ఎన్ని అడుగులు పడతాయో అంచనాకు ఒక సూత్రం ఉంది. కారణాంకాల తేడాను వర్గం చేసి, సంఖ్య వర్గమూలానికి 8 రెట్లతో భాగించాలి. కారణాంకాలు దగ్గరగా ఉన్నప్పుడు ఇది బాగా సరిపోతుంది. మన విషయంలో తేడా 196, 38416ని 29630తో భాగిస్తే సుమారు 1.3. వర్గమూలం నుంచి 1.3 దూరంలోనే జవాబు ఉందన్నమాట.

ఈ ఒక్క గణితమే రహస్య సంకేతాల్లో పెద్ద జాగ్రత్తకు కారణం. 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ రూపొందించిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో తాళంగా వాడేది రెండు భారీ ప్రధాన సంఖ్యల లబ్ధం. ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉండేలా ఎంచుకుంటే, లబ్ధంలో ఆరు వందల అంకెలున్నా ఫెర్మా పద్ధతి కొద్ది అడుగుల్లో విప్పేస్తుంది. పొడవు ఒక్కటే రక్షణ ఇవ్వదు.

నాలుగో పని: దొరికినవి నిజంగా ప్రధానమేనా?

3607, 3803 దొరికాయని సంతోషించి ఇక్కడే ఆగిపోతే పని సగమే. ఫెర్మా పద్ధతి కారణాంకాలను ఇస్తుంది, అవి ప్రధాన సంఖ్యలని చెప్పదు.

3607 వర్గమూలం 60 పైన కొంచెం. 59 దాకా చూస్తే చాలు. చివరి అంకె, అంకెల మొత్తం 2, 3, 5లను తోసేస్తాయి. మిగతా శేషాలు ఇలా ఉంటాయి: 7తో 2, 11తో 10, 13తో 6, 17తో 3, 19తో 16, 23తో 19, 29తో 11, 31తో 11, 37తో 18, 41తో 40, 43తో 38, 47తో 35, 53తో 3, 59తో 8. ఎక్కడా సున్నా లేదు, ప్రధాన సంఖ్యే.

3803కు శేషాలు: 7తో 2, 11తో 8, 13తో 7, 17తో 12, 19తో 3, 23తో 8, 29తో 4, 31తో 21, 37తో 29, 41తో 31, 43తో 19, 47తో 43, 53తో 40, 59తో 27, 61తో 21. ఇక్కడ 59 దగ్గర ఆగకూడదు. 61 × 61 = 3721, అది 3803 లోపే ఉంది. ఒక్క అడుగు ముందే ఆగిపోవడం ఈ పరీక్షలో అందరూ చేసే తప్పు. సంఖ్య 3721 లాంటిదైతే ఆ ఒక్క అడుగులోనే మోసపోతాం.

మొత్తం విభజన: 123456789 = 3² × 3607 × 3803.

అయిదో పని: తిరగేసి గుణించి సరిచూడటం

గుణకారం మళ్లీ చేయడం ఒక దారి. 9, 11 శేషాలతో సరిచూడటం తేలిక దారి. 3607 అంకెల మొత్తం 16, శేషం 7. 3803కు 14, శేషం 5. 7 × 5 = 35, శేషం 8. లబ్ధం 13717421 అంకెల మొత్తం 26, శేషం 8. సరిపోయింది.

తొమ్మిది పరీక్షకు ఒక గుడ్డితనం ఉంది. పొరపాటున 13717412 అని చివరి రెండు అంకెలు తారుమారు చేసి రాసినా మొత్తం 26 మారదు, తప్పు బయటపడదు. అందుకే 11తో కూడా చూడాలి. 3607కు శేషం 10, 3803కు 8, లబ్ధం 80కి శేషం 3. 13717421 అంకెలను కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కలుపుతూ తీసేస్తే −8, అంటే శేషం 3. తారుమారైన సంఖ్యకు −6, అంటే శేషం 5. వెంటనే పట్టుబడింది. పక్కపక్క అంకెల తారుమారు 11 దగ్గర ఎప్పుడూ దాక్కోలేదు.

ఆరో పని: విభజన నుంచి గుణాలను పిండటం

భాజకాల సంఖ్య: ప్రతి ఘాతాంకానికి 1 కలిపి గుణించాలి. (2+1)(1+1)(1+1) = 12. 3 పైనున్న వర్గాన్ని మరిచిపోయినవారికి 8 వస్తుంది. పన్నెండూ ఇవి: 1, 3, 9, 3607, 3803, 10821, 11409, 32463, 34227, 13717421, 41152263, 123456789. చిన్నదాని పక్కన పెద్దదాన్ని పెట్టి గుణిస్తే ప్రతి జతా మూలసంఖ్యనే ఇవ్వాలి. జాబితా సరైందో కాదో తేల్చడానికి ఇదే చక్కటి పరీక్ష.

భాజకాల మొత్తం: (1+3+9) × (1+3607) × (1+3803) = 13 × 3608 × 3804 = 178422816. ఇందులోంచి సంఖ్యను తీసేస్తే 54966027 మిగులుతుంది. ఇది సంఖ్య కన్నా తక్కువ, అందుకని ఇది న్యూన సంఖ్య. 6, 28 లాంటి పరిపూర్ణ సంఖ్యల్లో ఈ రెండూ సమానంగా ఉంటాయి.

సాపేక్ష ప్రధానాంకాల లెక్క: 1 నుంచి 123456789 దాకా, దీనితో 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేనివి ఎన్ని? (9 − 3) × 3606 × 3802 = 82260072. మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. 3²కు (3−1)² అని 4 వేస్తే తప్పు, 9 − 3 = 6 వేయాలి. గణితవేత్త అయిలర్ సిద్ధాంతం ప్రకారం, ఆ 82260072 సంఖ్యల్లో దేన్నైనా 82260072వ ఘాతానికి ఎత్తి మన సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుంది. అంత పెద్ద ఘాతం అక్కర్లేదు కూడా. 6, 3606, 3802ల క.సా.గు. 6855006 చాలు, అది పన్నెండో వంతే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంబంధం ఉంది. 13717421కి ఈ లెక్క 3606 × 3802 = 13710012. సంఖ్యకు 1 కలిపి ఇది తీసేస్తే 7410, అది 3607 + 3803. మొత్తమూ లబ్ధమూ తెలిస్తే రెండు సంఖ్యలూ తెలిసినట్టే. కాబట్టి రెండు ప్రధాన సంఖ్యల లబ్ధానికి ఈ లెక్క తెలుసుకోవడమూ కారణాంకాలు తెలుసుకోవడమూ ఒకే కష్టం, ఒకదాన్ని తప్పించుకుని ఇంకోదాన్ని పట్టే దొడ్డిదారి లేదు.

వర్గాలతో చుట్టరికం

ఇది వర్గసంఖ్యా? విభజన చూస్తే 3607 ఒక్కసారే ఉంది, కాదు. విభజన లేకుండా కూడా చెప్పవచ్చు. చివరి మూడంకెలు 789ని 8తో భాగిస్తే శేషం 5. బేసి వర్గాలకు 8తో శేషం ఎప్పుడూ 1. అంకెల మొత్తం 9తో పోతోంది, చివర 89 వర్గాలకు కుదిరే జతే (33 × 33 = 1089), ఆ రెండు పరీక్షలూ దాటేసినా 8 దగ్గర దొరికిపోయింది.

దగ్గరి వర్గం మాత్రం ముచ్చటగా ఉంటుంది: 11111² = 123454321. ఇది కాకతాళీయం కాదు. మన సంఖ్యను 81తో గుణిస్తే 9999999909, అంటే వెయ్యి కోట్లకు 91 తక్కువ. కాబట్టి వర్గమూలం లక్షలో తొమ్మిదో వంతుకు, 11111.11కు, అతిదగ్గరగా ఉండి తీరాలి. 9తో గుణించి 10 కలిపితే పది ఒకట్లు, 1111111111, రావడం కూడా ఇదే బంధం.

రెండు వర్గాల భేదంగా ఆరు రకాలుగా రాయవచ్చు, ఎందుకంటే పన్నెండు భాజకాలు ఆరు జతలు. అన్నిటికన్నా చిన్నది 11115² − 294², ఇది 10821 × 11409 జత నుంచి వచ్చింది. అన్నిటికన్నా పెద్దది 61728395² − 61728394².

రెండు వర్గాల మొత్తం విషయంలో ఒక ఉచ్చు ఉంది. సంఖ్యను 4తో భాగిస్తే శేషం 3 వస్తే రెండు వర్గాల మొత్తం కాదని అందరికీ తెలుసు. మనకు శేషం 1, కాబట్టి అవుతుందని తొందరపడతారు. నిబంధన కారణాంకాల మీద ఉంది: 4తో శేషం 3 ఇచ్చే ప్రతి ప్రధాన కారణాంకానికీ ఘాతాంకం సరి కావాలి. 3కు 2 ఉంది, బాగానే ఉంది. 3607, 3803 రెండూ 4తో శేషం 3 ఇస్తాయి, రెండిటి ఘాతాంకమూ 1. కాబట్టి కుదరదు. శేషాలు 3, 3 గుణించుకుని 9 అయి, 1గా మారి లోపలి తప్పును కప్పేశాయి.

మూడు వర్గాలైతే కుదురుతుంది. 4 ఘాతాలను తీసేశాక 8తో శేషం 7 ఇచ్చేవి తప్ప మిగతావన్నీ కుదురుతాయని లెజాండర్ నిరూపించాడు, మనకు శేషం 5. రాయడం కూడా కష్టం కాదు. 11111² తీసేస్తే 2468 మిగులుతుంది. అది 4 × 617, 617 = 16² + 19². అందుకని

123456789 = 11111² + 32² + 38².

వరస సంఖ్యల మొత్తంగా రాయడం తేలిక విషయం. 1 మినహా ఉన్న ప్రతి బేసి భాజకానికీ ఒక మార్గం, మొత్తం 11. రెండు పదాలతో 61728394 + 61728395, మూడు పదాలతో 41152262 + 41152263 + 41152264.

గ.సా.భా. కావాలంటే విభజన కూడా అక్కర్లేదు. 987654321ని 123456789తో భాగిస్తే భాగఫలం 8, శేషం 9. 9తో 123456789 నిశ్శేషంగా పోతుంది, గ.సా.భా. 9. యూక్లిడ్ పద్ధతికి రెండే అడుగులు.

ద్విసంఖ్యామానంలో రాస్తే 27 స్థానాలు పడతాయి: 111 0101 1011 1100 1101 0001 0101. ఇందులో ఒకట్లు 16, సున్నాలు 11.

సంఖ్య ఇంకా పెద్దదైతే

ఇరవై అంకెలు దాటాక చేతిపని మానుకోవడమే మంచిది. అక్కడ మొదటి ప్రశ్న "కారణాంకాలు ఏవి" కాదు, "ప్రధాన సంఖ్యా కాదా" అన్నది. ఈ రెంటి కష్టంలో నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. 2 యొక్క 67వ ఘాతం నుంచి 1 తీసేస్తే వచ్చే 21 అంకెల సంఖ్య సంయుక్తమని 1876లో లూకాస్ ఒక్క కారణాంకం కూడా చూపకుండానే తేల్చాడు. కారణాంకాలు 193707721, 761838257287 అని కోల్ చూపింది 1903లో.

ప్రధానత్వ పరీక్షల మూలసూత్రం కూడా ఫెర్మాదే: సంఖ్య ప్రధానమైతే, 2ను ఆ సంఖ్యకు ఒకటి తక్కువ ఘాతానికి ఎత్తి భాగిస్తే శేషం 1 రావాలి (సంఖ్య 2 కానప్పుడు). శేషం 1 రాలేదంటే సంయుక్తమే, సందేహం లేదు. వచ్చిందంటే మాత్రం ఇంకా నమ్మకూడదు. 341 = 11 × 31 సంయుక్తం. కానీ 2¹⁰ = 1024 = 3 × 341 + 1 కాబట్టి 2³⁴⁰కీ శేషం 1 వస్తుంది, పరీక్ష నెగ్గేస్తుంది. 2 బదులు 3 పెడితే శేషం 56 వచ్చి బండారం బయటపడుతుంది. 561 లాంటివి ఇంకా మొండివి, 2, 3ల స్థానంలో తమతో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్యను పెట్టి చూసినా నెగ్గుతాయి. రామానుజన్ పేరుతో ముడిపడ్డ 1729 = 7 × 13 × 19 కూడా ఆ కోవలోదే. అందుకే సాఫ్ట్‌వేర్‌లో మిల్లర్–రాబిన్ అనే గట్టి రూపాన్ని వాడతారు. అనుమానానికి తావులేకుండా, అంకెల సంఖ్య బట్టి సహేతుకమైన సమయంలో ఏ సంఖ్యనైనా తేల్చే పద్ధతి ఉందని 2002లో కాన్పూర్ ఐఐటీలో మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా నిరూపించారు. కారణాంకాల వేటకు మామూలు కంప్యూటర్ల మీద అలాంటి వేగవంతమైన పద్ధతి ఇప్పటికీ తెలియదు. 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ సవాలు సంఖ్య 2020లో విడిపోయింది.

యంత్రం చెప్పే అబద్ధాలు

కాలిక్యులేటరు, ఎక్సెల్ చూపించినదల్లా నిజమనుకోవద్దు. మన సంఖ్య వర్గం 15241578750190521. 17 అంకెలు. ఎక్సెల్ 15 అంకెలే నిలుపుకుంటుంది కాబట్టి చివర రెండు సున్నాలు పెట్టి 15241578750190500 చూపిస్తుంది. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యల్లో చేస్తే 15241578750190520 వస్తుంది. ఆ రకం సంఖ్యలు 9007199254740992 దాటాక బేసి విలువలను పట్టుకోలేవు. 9తో అంతమయ్యే సంఖ్య వర్గం 1తో అంతం కావాలి, చివర సున్నా కనిపించగానే తప్పని తెలియాలి. ఇలాంటి విలువను తీసుకుని శేషం కట్టి "నిశ్శేషంగా పోయింది" అంటే ఆ మాటకు విలువ లేదు.

పైథాన్‌లో పూర్ణాంకాలకు అంకెల హద్దు లేదు, కానీ భాగహారానికి ఒక గీత (/) బదులు రెండు గీతలు (//) వాడాలి. ఒక గీత వాడితే జవాబు దశాంశంగా మారి అక్కడే చివరి అంకెలు పోతాయి. వర్గమూలానికీ దశాంశ వర్గమూలం కాక పూర్ణాంక వర్గమూలం ఫంక్షనే తీసుకోవాలి. లైనక్స్‌లో ఫ్యాక్టర్ అనే ఆదేశం ఉంది, దాని పక్కన 123456789 టైపు చేస్తే 3 3 3607 3803 అని కన్నుమూసి తెరిచేలోగా ఇస్తుంది. ఆ జవాబును కూడా 9తో, 11తో ఒకసారి సరిచూసుకోవడానికి అర నిమిషం చాలు.